రొయ్యల గుంట పెట్టెలో వాచ్‌డాగ్ టైమర్: 15 సెకన్ల హద్దు తీసేయడం సబబేనా?

కోవూరు కుర్రోడు: ముత్తుకూరు వైపు గుంటల మీద ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) నడిపేవి మా రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) పెట్టెలే. ఆక్సిజన్ సెన్సర్లన్నీ చదివేసరికి ఒక్కోసారి అర నిమిషం దాటుతుంది. ప్రోగ్రాం గడువులోపు ‘బతికే ఉన్నా’ అని పింగ్ ఇవ్వకపోతే పెట్టెను రీబూట్ చేసేదే వాచ్‌డాగ్. దాని గడువు 60 సెకన్లు అడిగితే పాత కెర్నల్ (లినక్స్ మూలభాగం) ఒప్పుకోదు, 15 దాటనివ్వదు. కొత్త డ్రైవర్‌లో (కెర్నల్‌లో ఆ చిప్‌ను నడిపే భాగం) సరిచేశారు. అన్ని పెట్టెలకీ ఎక్కించేద్దామా?

సింగరాయకొండ వైరింగ్: చిప్‌కే 15 హద్దు. 60 ఎక్కడినుంచి తెస్తారు? డ్రైవర్ అబద్ధమాడకూడదు.

ఒంగోలు లెక్కలు: 15 కాదండీ. కౌంటర్ 20 బిట్లు, సెకనుకు 65536 టిక్కులు. 16కి వెంట్రుకవాసి తక్కువ.

సింగరాయకొండ వైరింగ్: సరే, 16. 60 అయితే కాదుగా!

కోవూరు కుర్రోడు: అబద్ధం కాదన్నా. మధ్యమధ్యలో చిప్‌కు కెర్నలే పింగ్ ఇస్తుంది. 2016 నుంచే ఆ ఏర్పాటు ఉంది, ఈ డ్రైవర్ వాడుకోలేదంతే. మన ప్రోగ్రాం 60 సెకన్లు పలక్కపోతే కెర్నల్ పింగ్ ఆపేస్తుంది, పెట్టె రీబూట్ అవుతుంది. కెర్నలే బిగుసుకుపోతే 16 సెకన్లలోపే రీబూట్.

అల్లూరు రైతు: రీబూట్ అయ్యేటప్పుడు ఏరియేటర్లు తిరుగుతాయా, ఆగుతాయా?

సింగరాయకొండ వైరింగ్: పింగ్‌ను వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రాంలోనే విడిగా నడిచే భాగం) పెట్టుకుంటే 15 చాలు.

కోవూరు కుర్రోడు: అప్పుడు సెన్సర్ థ్రెడ్ చచ్చినా పింగ్ వెళ్తూనే ఉంటుంది. ఇక వాచ్‌డాగ్ ఎందుకు? కోడ్ చదివి మాట్లాడండి.

సింగరాయకొండ వైరింగ్: చదివేది మీరు, రాత్రి రెండింటికి గట్టు మీద టార్చి పట్టుకునేది నేను. పోయిన వేసవిలో ఒక కంపెనీ ఇలాగే చిన్న మార్పేనని పంట మధ్యలో అప్‌డేట్ పంపింది. పెట్టె మళ్ళీ లేవలేదు. తెల్లారేసరికి రొయ్యలు తేలాయి. రైతు ఆపింది నా డబ్బులు, కంపెనీవి కాదు.

కోవూరు కుర్రోడు: ఓహో, గొడవ అప్‌డేట్‌తోనా! ముందే అనొచ్చుగా?

సింగరాయకొండ వైరింగ్: పట్టుబడి అయ్యాక, గుంట ఎండగట్టినప్పుడు ఎక్కించుకోండి, వద్దనను. పంట ఉండగానే ఎక్కిస్తారా? నష్టమొస్తే మాదే పూచీ అని రాసివ్వండి.

కోవూరు కుర్రోడు: ఇప్పుడు 15తో పెట్టె ఊరికే రీబూట్ అవుతోంది. దానికి పూచీ మీరు రాసిస్తారా?

ఒంగోలు లెక్కలు: 15 కాదని చెప్పాగా.

సింగరాయకొండ వైరింగ్: అల్లూరాయనా, రిలేను (ఏరియేటర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఎన్‌సీ వైపు, అంటే రిలేకు కరెంటు లేకపోయినా కలిసే ఉండే వైపు, కలిపి ఉంటే పెట్టె ఆగినా ఏరియేటర్ ఆగదు. నేను పెట్టినవన్నీ అంతే. వీళ్ళవి ఎటు కలిపారో అడగండి.

అల్లూరు రైతు: కోవూరు తమ్ముడూ?