పాత తాడు కొనచ్చా? వేలి నొప్పికేం చేయాలి?

పర్లాకిమిడి: మహేంద్రగిరి వైపు బండలెక్కడానికి వాడిన 60 మీటర్ల తాడు, హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీ), పది కారాబినర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు) కలిపి చవగ్గా ఇస్తామంటున్నారు. ఏం చూడాలి? పైగా ఉంగరం వేలి మొదట్లో, అరచేతి వైపు నొప్పి.

రాయగడ: తాడు, హార్నెస్ వద్దండి, ఊరికే ఇచ్చినా సరే. బ్యాటరీ యాసిడ్ తగిలిన నైలాన్ పైకి కొత్తదానిలాగే ఉండి బరువు పడగానే తెగొచ్చు. పెట్టెలోనే ఉన్నా పదేళ్లు దాటితే చాలా కంపెనీలు పారేయమంటాయి. కారాబినర్లు పర్లేదు. గేటు (తెరుచుకునే భాగం) వదలగానే దానంతటదే మూసుకోవాలి. తాడు రాసుకునే చోట 1 మిల్లీమీటరు గాడి పడితే వదిలేయండి, ఆ అంచే తాడును కోసేది.

కోరాపుట్: కొత్త తాడు మీద ఈఎన్ 892 (పడితే సాగే తాళ్ల యూరప్ ప్రమాణం) చూసి కొనండి. ఈఎన్ 1891 అంటే తక్కువ సాగేది. లీడ్‌లో (పైనుంచి తాడు లేకుండా ముందు ఎక్కేటప్పుడు) పడితే కుదుపంతా ఒంటికే.

బరంపురం: పట్టు బిగించినప్పుడు వేలు టప్పుమందా? అయితే ఏ2 పుల్లీ (వేలి మొదట్లో స్నాయువును ఎముకకు అదిమి ఉంచే పట్టీ) చిరిగి ఉండొచ్చు, అల్ట్రాసౌండ్ తీయించండి. వేలు మడిచి బలం పెడితే స్నాయువు తీగలా పైకి లేస్తోందంటే చేతి సర్జన్ దగ్గరికే. క్రింప్ పట్టు (వేళ్లు మడిచి చిన్న అంచును పట్టుకోవడం) ఆపేయండి. టేపు చుట్టి ఎక్కేయడం మందు కాదు.

పర్లాకిమిడి: చప్పుడు రాలేదు, వాపూ లేదు. కారాబినర్ల వరకే బేరమాడతా.