ఉప్పు–బీపీ: ఒంట్ల నీళ్లు ఆగుడేనా, నరాల పని గూడా ఉందా?

నల్లగొండ_మెడికల్స్: గోలీలకు వచ్చేటోళ్లంతా "ఉప్పు తింటే నీళ్లు ఆగుతయ్, అందుకే బీపీ" అంటరు. అది సగమే. నరాల సంగతి తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

ఫిజియాలజీ_పాఠం: రక్తంలో సోడియం కాస్త పెరిగినా మెదడులో మూడో జఠరిక (నీరు నిండిన ఓ గది) అంచునున్న కణాలు పసిగడతాయి. వాటి కబురు హైపోథలామస్ మీదుగా మెదడు కాండానికి చేరితే సింపథెటిక్ నరాలు (ఒంటిని ఉరుకులు పెట్టించే నరాలు) జోరందుకోవచ్చు. అప్పుడు సన్న రక్తనాళాలు బిగుస్తాయి, కిడ్నీ సోడియాన్ని వదలదు. కానీ మామూలు ఒంట్లో ఉప్పు ఎక్కువైనప్పుడు ఈ జోరు, రెనిన్ (కిడ్నీ వదిలే, బీపీ పెంచే పదార్థం) రెండూ తగ్గాలి. ఉప్పు పడని ఒంట్లో, అంటే ఉప్పుతో బీపీ ఎక్కువ పెరిగేవాళ్లలో, ఆ నరాల జోరు తగ్గాల్సినంత తగ్గదు. మెదడు వైపు వివరాలు ఎక్కువగా ఎలుకల్లో తేలినవి, కాబట్టి అందరికీ ఒకే కొలత పెట్టకండి.

పాలమూరు_డైటీషియన్: లెక్క ప్యాకెట్‌తో చూడాలి. డబ్ల్యూహెచ్‌ఓ హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే తలగొట్టిన చిన్న చెంచా ఒకటి. నలుగురున్న ఇంట్లో నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెలకే అయిపోతుంటే మనిషికి 8 గ్రాములు దాటినట్టే. ఏడాదికి పెట్టిన మామిడికాయ తొక్కు, చల్ల మిరపకాయలు, అప్పడాలు ఇందులో లెక్కకు రాలేదు! జొన్నరొట్టెతో చిక్కేం లేదు, పక్కనేసుకునే తొక్కుతోనే. కూరలో వారానికింత తగ్గించుకుంటూ పోతే నాలుక అలవాటు పడుతుంది. ఒక్కసారే తీసేస్తే మూడోనాడే డబ్బా మళ్లీ కంచం పక్కకొస్తుంది.

నల్లగొండ_మెడికల్స్: లో సోడియం ఉప్పు అడుగుతున్నరు. ఇయ్యొచ్చా?

వార్డు_డ్యూటీ: అందులో కొంత పొటాషియం క్లోరైడ్. చైనా పల్లెల్లో 25 శాతం పొటాషియం ఉప్పు కలిపి వాడితే పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో ఓ అధ్యయనం వచ్చింది. కానీ ముదిరిన కిడ్నీ జబ్బున్నవాళ్లను అందులోకి తీసుకోలేదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ మందులు పొటాషియాన్ని పెంచొచ్చు, అవి వాడేవాళ్లకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం చూడకుండా ఇవ్వొద్దు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

ఇంకోటి, ఎండాకాలం. చెమట పోతుంది, నీళ్ల గోలీ (మూత్రం ఎక్కువ పోయించేది) నడుస్తుంటుంది, పైగా ఉప్పు బంద్. పడుకున్నప్పుడు బీపీ బాగానే కనిపించి, లేస్తే కళ్లు తిరుగుతాయి. నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగితే మెడ దగ్గరి ధమనిలోని నరాలు అది పసిగట్టి, మెదడు ద్వారా నాళాలు బిగుసుకునేలా చేయాలి. చాలా ఏళ్ల షుగర్‌లో ఈ పని చేసే నరాలే దెబ్బతినొచ్చు. అందుకని 5 నిమిషాలు పడుకోబెట్టి చూడండి, నిలబెట్టి 1వ నిమిషం, 3వ నిమిషం మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే డాక్టర్‌తో మందు మోతాదు మాట్లాడాలి. ఉప్పు పెంచడం సొంతంగా చేసే పని కాదు.

పాలమూరు_డైటీషియన్: ఉప్పు మజ్జిగ గూడా చూసుకోండి. గ్లాసుకు అర చెంచా ఉప్పు వేస్తే రెండు గ్లాసులతో ఆ రోజు కోటా ఖతం. జీలకర్ర, కొత్తిమీర, నిమ్మకాయ దండిగా వేసి, ఉప్పు చిటికెడుతో ఆపండి.