బయట ఎగరేయడం నేర్చుకోవడానికి మొదటి ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే) హెలికాప్టర్ ఏది కొనాలి?

ప్రశ్న:

నమస్కారమండీ. రెండు నెలలుగా ఇంట్లో చిన్న ఆర్‌సీ హెలికాప్టర్ ఎగరేస్తున్నాను. ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లు ఉండే రకం. హాల్లో ఎక్కడ ఆపాలనుకుంటే అక్కడ ఆపుతాను, చిన్న బల్ల మీద కూడా దించగలను. మొన్న సాయంత్రం బయట ఖాళీ స్థలంలో ఎగరేశాను. ఆకులు కొద్దిగా కదిలేంత గాలి, అంతే. స్టిక్ పూర్తిగా ముందుకు తోసినా అది వెనక్కే కొట్టుకుపోయి గోడకు తగిలింది. బయట ఎగరేయడానికి పనికొచ్చేది కొందామని చూస్తే ఫిక్స్‌డ్ పిచ్, కలెక్టివ్ పిచ్ రకాలు, 230, 450 సైజులు అంటూ ఏవేవో ఉన్నాయి. పెద్దదంటే భయం, చిన్నదైతే మళ్లీ గాలికి పోతుందేమోనని సందేహం. దగ్గరుండి నేర్పేవాళ్లు లేరు. ఏది తీసుకోమంటారు?

మొదటి జవాబు:

మీ చేతిలో తప్పేం లేదండీ, ఆ రకమే అంత. దాన్ని కోయాక్సియల్ అంటారు. రెండు రోటర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి శరీరం గిర్రున తిరగదు, తోక రోటర్‌తో పనే ఉండదు. పై రోటర్‌కు ఉండే బరువుల కడ్డీ దాన్ని ఎప్పుడూ సమంగా నిలబెడుతుంది. హాల్లో అంత బుద్ధిగా ఉండేది అందుకే. కానీ ముందుకు పోవాలంటే హెలికాప్టర్ ముందుకు వాలాలి, ఆ కడ్డీ వాలనివ్వదు. మనిషి నడిచేంత వేగం కూడా కష్టమే. గాలి అంతకన్నా వేగంగా వీస్తే ఇంక స్టిక్ ఎంత తోసినా లాభం లేదు.

దాని తర్వాతి మెట్టు ఫిక్స్‌డ్ పిచ్ అని చాలామంది చెబుతారు. డబ్ల్యూఎల్ టాయ్స్ వీ911 లాంటివి. ఒకే పెద్ద రోటర్, వెనక చిన్న తోక రోటర్. తోకను పట్టుకోవడం నేర్చుకోవడానికి మంచివే, గాలి లేని తెల్లవారుజామున బయట కూడా ఎగురుతాయి. బయటే నేర్చుకోవాలనుకునే వాళ్లకు మాత్రం నేను చెప్పను. ఎందుకంటే వాటి రెక్కల కోణం మారదు. పైకి పోవాలంటే రోటర్ ఇంకా వేగంగా తిరగాలి, కిందికి రావాలంటే వేగం తగ్గాలి. తిరిగే రోటర్ వేగం ఒక్కసారిగా మారదు కదా, అందుకని మనం స్టిక్ కదిపాక కాస్త ఆగి స్పందిస్తుంది. ఒక్క గాలి విసురు వచ్చి పైకి ఎత్తిందనుకోండి, కంగారుగా థ్రాటిల్, అంటే మోటార్ వేగం, తగ్గిస్తాం. రోటర్ వేగం పడిపోతుంది. దాంతో ముందుకూ పక్కలకూ వాల్చే పట్టు కూడా పోతుంది. సరిగ్గా అవసరమైన క్షణంలోనే అదుపు తప్పుతుంది. నేను అలాంటి దానితో చాలా నెలలు గడిపాను. గాలి తగ్గే దాకా ఎదురుచూడటమే ఎక్కువగా నేర్చుకున్నాను.

మీరు తీసుకోవాల్సింది కలెక్టివ్ పిచ్. ఇందులో రోటర్ దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంది, మన స్టిక్ మార్చేది రెక్కల కోణాన్ని. మనుషులు ఎక్కే హెలికాప్టర్లూ ఇలాగే ఎగురుతాయి. స్టిక్ కదిపిన మరుక్షణం స్పందిస్తుంది, గాలిలో కూడా పట్టు ఉంటుంది. ప్రమాదం ఒకటుంది: కోణం మైనస్‌లోకి కూడా పోతుంది. భయపడి స్టిక్ పూర్తిగా కిందికి లాగితే హెలికాప్టర్ మెల్లగా దిగదు, నేలకేసి కొట్టుకుంటుంది. అందుకే నేర్చుకునే వాళ్ల సెట్టింగ్‌లో మైనస్ కోణం చాలా తక్కువ పెడతారు. స్టిక్ వదిలేస్తే తనంతట తాను సమంగా నిలబడే మోడ్, బటన్ నొక్కితే వెంటనే సర్దుకుని సమంగా అయ్యే రెస్క్యూ కూడా ఉన్నది ఎంచుకోండి. బ్లేడ్ 230 ఎస్‌లో ఈ రెండూ ఉన్నాయి. ఆ సైజు మీకు సరిపోతుంది. అరచేతిలో పట్టేంత చిన్న కలెక్టివ్ పిచ్‌లు పడితే తట్టుకుంటాయి గానీ, కాస్త దూరం పోగానే ముక్కు ఎటుందో, తోక ఎటుందో కంటికి ఆనవు.

మరొకరు:

నా అభిప్రాయం వేరండీ. నేరుగా 450 సైజు కొనమంటాను. ఎంత పెద్దదైతే అంత నిలకడ. గాలికి తొణకదు, దూరం నుంచి బాగా కనిపిస్తుంది. చిన్నవి చురుకెక్కువ, కొత్తవాళ్ల చేతికి అందవు.

మొదటి జవాబు ఇచ్చినవారు:

పెద్దది నిలకడగా ఉంటుందన్నది నూటికి నూరుపాళ్లు నిజం. పక్కన ఒక అనుభవజ్ఞుడు నిలబడి సెట్టింగ్ అంతా చూసి, మొదటిసారి తానే ఎగరేసి చూపిస్తానంటే నేను కూడా 450కే ఓటేస్తాను. అడిగినవారికి అలాంటి మనిషి లేరు.

ఒక లెక్క చూడండి. 450కి ఒక్కో రెక్క 325 మిల్లీమీటర్లు, రోటర్ మొత్తం వెడల్పు సుమారు 70 సెంటీమీటర్లు. నిమిషానికి 2500 చుట్లు తిరిగితే రెక్క చివర వేగం సెకనుకు 90 మీటర్లు దాటుతుంది. అంటే గంటకు 300 కిలోమీటర్ల పైమాటే. కార్బన్ రెక్క ఆ వేగంతో తగిలితే ఏమవుతుందో వివరంగా రాయడం నాకు ఇష్టం లేదు. 230 సైజు కూడా బొమ్మ కాదు, కోస్తుంది. కానీ బరువు తక్కువ కాబట్టి దెబ్బ తీవ్రత చాలా తక్కువ, పడితే విరిగే సామాను కూడా తక్కువ. ఏ సైజయినా మనుషులు, పిల్లలు, కుక్కలు లేని చోట, మీకు కనీసం పది మీటర్ల దూరంలో ఎగరేయండి. మీ ప్రాంతంలో ఎక్కడ ఎగరేయనిస్తారో ముందే కనుక్కోండి.

అడిగినవారు:

చాలా థ్యాంక్సండీ, ఇప్పుడు స్పష్టత వచ్చింది. కంప్యూటర్‌లో ఎగరేసి నేర్చుకునే సిమ్యులేటర్ తప్పనిసరా? రిమోట్ పెట్టెలో వచ్చేది చాలా, విడిగా కొనాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

తప్పనిసరే. హెలికాప్టర్ కన్నా ముందు సిమ్యులేటర్ కొనండి. రియల్‌ఫ్లైట్, హెలీ-ఎక్స్, అక్యుఆర్‌సీ, నెక్స్ట్, ఏదైనా పర్వాలేదు. గేమ్ ప్యాడ్‌తో వద్దు, రేపు చేతిలో ఉండబోయే రిమోట్‌నే కంప్యూటర్‌కు కలపండి. వేళ్లు గుర్తుపెట్టుకునేది ఆ స్టిక్‌ల బిగువునే. అందుకే రిమోట్ విడిగా కొనమంటాను. ఒక్కో హెలికాప్టర్ సెట్టింగ్‌లను గుర్తుపెట్టుకునేది, ఆ హెలికాప్టర్‌లో సిగ్నల్ అందుకునే రిసీవర్‌తో కలిసేది అయి ఉండాలి. ఈ రెండోది చూసుకోకుండా కొని ఇబ్బంది పడ్డవాళ్లు చాలామంది. స్టిక్ మోడ్ కూడా మొదట్లోనే తేల్చుకోండి. మోడ్ 2లో థ్రాటిల్ ఎడమ చేతికి, మోడ్ 1లో కుడి చేతికి. ఒకసారి అలవాటయ్యాక మార్చుకోవడం చాలా కష్టం.

సిమ్యులేటర్‌లో విన్యాసాల జోలికి పోకండి. తోక మీ వైపు పెట్టి ఒకేచోట నిలపడం, తర్వాత కొంచెం పక్కకు తిప్పి, తర్వాత పూర్తిగా పక్కకు, చివరికి ముక్కు మీ వైపు. అసలు పరీక్ష ఈ చివరిదే. ముక్కు మన వైపు తిరిగితే కుడిఎడమలు తారుమారవుతాయి, బుర్ర ఒక్క క్షణం ఆగిపోతుంది. అప్పుడు కుడా ఎడమా అని ఆలోచించకండి. మీ కంటికి ఏ వైపు వాలినట్టు కనిపిస్తే ఆ వైపుకే స్టిక్ తోయండి, పడిపోతున్న దాని కింద చెయ్యి పెట్టి ఆపినట్టు. ముక్కు మీ వైపు ఉండగా ఐదు నిమిషాలు కంగారు లేకుండా నిలపగలిగారంటే బయటికి రావచ్చు.

ఇంకో సభ్యుడు:

విడిభాగాల సంగతి ఎవరూ రాయలేదు. నా వరకు మోడల్ ఎంపికలో సగం అదే. కొనేముందు పెద్ద రెక్కలు, ఫెదరింగ్ షాఫ్ట్, మెయిన్ షాఫ్ట్ (పెద్ద రోటర్‌ను తిప్పే కడ్డీ), పెద్ద గేరు, తోక బూమ్ (తోకను మోసే గొట్టం), తోక రెక్కలు విడివిడిగా వెంటనే దొరుకుతాయో లేదో చూడండి. దొరక్కపోతే ఎంత మంచి హెలికాప్టరైనా వదిలేయండి. ఓఎంపీ హాబీ ఎం2 లాంటి వాటిలో మోటార్ నేరుగా షాఫ్ట్ మీదే ఉంటుంది, గేర్ల గొడవ ఉండదు. అది కొంటే ఆ వెర్షన్‌లో సమంగా నిలబెట్టే మోడ్ ఉందో లేదో చూసుకోండి.

పడిన ప్రతిసారీ ఒక పని చేయండి. రెండు రెక్కల పట్టులను కలుపుతూ రోటర్ తల మధ్యలోంచి పోయే సన్నటి ఉక్కు కడ్డీయే ఫెదరింగ్ షాఫ్ట్. దాన్ని బయటికి తీసి అద్దం మీద పెట్టి వేలితో దొర్లించండి. తిన్నగా ఉంటే నూనె రాసినట్టు దొర్లుతుంది. వంగితే ప్రతి చుట్టుకూ ఒకచోట లేస్తుంది, దాని కింద వెలుతురు గీత కనిపిస్తుంది. ఆ వెంట్రుకవాసి వంపుకే మొత్తం హెలికాప్టర్ వణుకుతుంది, ఆ వణుకుకు గైరో (కదలికను పసిగట్టి సర్దే పరికరం) తికమకపడుతుంది. తిన్నగా చేద్దామని సుత్తి పట్టకండి, కొత్తది వేయండి.

బ్యాటరీలు కనీసం మూడు ఉంచుకోండి. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్‌కు 4.2 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. దిగాక 3.7కి తగ్గకుండా చూసుకోండి. అందుకు రిమోట్‌లో టైమర్ పెట్టాలి, మొదట్లో మూడున్నర నిమిషాలు చాలు. రెండు మూడు రోజులు ఎగరేయకపోతే 3.8 దగ్గర దాచండి. పడినప్పుడు సొట్టపోయిన, ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు.

అడిగినవారు (ఏడు వారాల తర్వాత):

230 సైజు తీసుకున్నానండీ. అంతకుముందు నెలరోజులు సిమ్యులేటర్ చేశాను. నిన్న పొద్దున్నే బయట మొదటిసారి. మోకాలి ఎత్తులో పెడితే తన గాలికి తనే ఊగుతోంది, నడుము ఎత్తుకు లేపగానే నిలబడింది. ఆ క్షణం చేతులు వణికాయి. రెండు బ్యాటరీలు హాయిగా ఎగిరింది. మూడోదాంట్లో దించుతుంటే తోక గడ్డిలో తగిలింది. మీరు చెప్పినట్టు సమం చేసే మోడ్‌లోనే ఉన్నాను. తోక రెక్క ఒకటి విరిగింది, మిగతాదంతా బాగానే కనిపిస్తోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:

శభాష్! మొదటి రోజుకు తోక రెక్క ఒక్కటే పోవడం చాలా మంచి విషయం. థ్రాటిల్ హోల్డ్ స్విచ్ గురించి నేను మొదటే చెప్పాల్సింది. నేలకు తగలబోతోందని తెలిసిన వెంటనే ఆ స్విచ్ వేస్తే మోటార్ ఆగిపోతుంది, గేరూ, రెక్కల కోణం మార్చే చిన్న మోటార్లయిన సర్వోలూ బతుకుతాయి. కాబట్టి ఎగరేసేంతసేపూ ఒక వేలు దాని దగ్గరే ఉండాలి.

కొత్త తోక రెక్కలు వేసేముందు బ్యాటరీ తీసేసి, తోక షాఫ్ట్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి చివర ఊగుతోందేమో చూడండి. ఊగితే అదీ మార్చాలి. గడ్డి పొట్టిగా కత్తిరించిన చోటు దొరక్కపోతే నేల మీద ఒక చదునైన అట్ట పరిచి దాని మీద నుంచే లేపండి, దాని మీదే దించండి. కింద తగిలించే శిక్షణ కర్రలు కూడా తెప్పించుకోండి, ఇంకో నెల వాటితోనే.