అప్‌డేట్: 'అరవ' అంటే రూమ్మేట్‌కు కోపమొచ్చిన సంగతి

పోయిన నెల అడిగిన, గుర్తుందా? మాది మిర్యాలగూడ పక్కన పల్లె, ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం. ఫోన్‌లో అమ్మతో "ఒకటే అరవ గోల" అన్నాను. మా తమిళ రూమ్మేట్‌కు తెలుగులో ఆ ఒక్క మాట తెలుసట. వెంటనే "మీరు గొల్టీలు కాదా?" అన్నాడు, తెలుగువాళ్లను వెక్కిరించే మాట అది. ఈ రెండు మాటలు ఎక్కడివని అడిగితే తలా ఒక కథ చెప్పారు.

ఎక్కువమంది చెప్పింది 'అరవ' అనేది 'అరవడం' నుంచి వచ్చిందని. నాకు అది తర్వాత అతికించిన కథలా ఉంది. ఇంకొకరు సంస్కృతంలో 'అ-రవ', అంటే శబ్దం లేనిది అన్నారు. తమిళ లిపిలో ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలకు వేరే గుర్తులు లేవు కదా, అందుకట. ఒకరేమో అరిచేవాళ్లంటారు, ఇంకొకరు శబ్దమే లేదంటారు!

నాకు నచ్చింది అరువా నాడు (నాడు అంటే సీమ) నుంచి వచ్చిందన్న మాట. పాత తమిళ నాడుల జాబితాలో ఆ పేరుంది, అరువా వడతలై అని ఇంకోటి కూడా. పక్క సీమ పేరుతో అందరినీ పిలవడం కొత్త కాదు. కళింగం పేరు మీదనే మలయ్ భాషలో దక్షిణ భారతీయులను 'క్లింగ్' అన్నారు. పాత తమిళ సాహిత్యంలో మన తెలుగువాళ్లం 'వడుగర్', అంటే ఉత్తరాదోళ్లం.

'గొల్టి' తెలుగును తిరగేస్తే వచ్చిందంటారు. నేనూ రూమ్మేటూ కాగితం మీద రాసి చూశాం: గు-లు-తె. "త ఎట్ల ట అయింది?" అన్నాను. "ఇంగ్లీషు టీ" అన్నాడు వాడు. నేనింకా నమ్మలేదు.

ఇప్పుడు అమ్మతో ఫోన్‌లో 'తమిళం' అంటున్నా. అమ్మ మాత్రం "అదే, అరవం" అంటుంది.