గోడాట్ 3.5లో సగం అయిన ఆట: 4కి మారాలా, ఇందులోనే ముగించాలా?

అరండల్‌పేట_డీటీపీ (గుంటూరు)

అందరికీ నమస్కారం. నాది గుంటూరు అరండల్‌పేటలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేస్తాం. షాపు కట్టేశాక రాత్రిళ్లు గోడాట్ (ఆటలు తయారు చేసే ఇంజన్) 3.5లో ఒక ఆట తయారు చేస్తున్నా. మిర్చి యార్డు ఆట అన్నమాట. తెల్లారేసరికి లారీలు వస్తాయి. ఆడేవాడు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి తేజ, 334, 341, బ్యాడిగి అని రకాలవారీగా వేరు చేసి, ట్రాలీ మీద సరైన కమీషన్ కొట్టుకు చేర్చాలి. ఆలస్యమైతే రైతు అరుస్తాడు, రకాలు కలిపేస్తే గుమస్తా అరుస్తాడు. మా బావమరిది ఆడి చూసి, ఆట సంగతి ఎలా ఉన్నా తిట్లు బాగున్నాయి బావా అన్నాడు.

ఆ తిట్ల దగ్గరే వచ్చింది చిక్కు. గోడాట్ 3లో తెలుగు టైపు చేస్తే వత్తులు పడటం లేదు. టిక్కీ అని కొడితే టిక్‌కీ అని, గుమస్తా అని కొడితే గుమస్‌తా అని వస్తోంది. గుడి కూడా అక్షరానికి అతుక్కోకుండా పక్కన నిలబడుతోంది. శుభలేఖలో ఇలా వస్తే పెళ్లివారు షాపు మీదకొస్తారు. అందుకని ప్రతి మాటా ఫొటోషాప్‌లో కొట్టి పీఎన్‌జీ బొమ్మగా పెడుతున్నా. ఇప్పుడు ఫోల్డరు నిండా బొమ్మలే. ఒక్క డైలాగు మార్చాలన్నా మళ్లీ ఫొటోషాప్ తెరవాలి.

గోడాట్ 4లో తెలుగు సరిగ్గా వస్తుందని విన్నా. కానీ మారినవాళ్లు కోడు సగం తిరగరాశామంటున్నారు. నాకు కోడింగ్ వీడియోలు చూసి వచ్చిందే. ఆషాఢం కాబట్టి ఇప్పుడు శుభలేఖల పని లేదు, శ్రావణం వస్తే తల ఎత్తే తీరిక ఉండదు. ఈ లోపు మారిపోనా, 3లోనే లాగించేయనా? ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆట ఆండ్రాయిడ్ ఫోన్లకే.

కృష్ణలంక_గేమర్

అన్నా, సగం అయిన ఆటకి ఇంజన్ మార్చకు. 3ని వదిలేశారని ఎవరైనా చెబితే నమ్మకు, 2024 సెప్టెంబరులో కూడా 3.6 ఇచ్చారు. 3.5 నుంచి దానికి పోవడం పెద్ద పని కాదు. ఇది పూర్తి చేసి వదులు, తర్వాతి ఆట 4లో మొదలుపెట్టు. మారదామని కూర్చుని అసలు ఆటే మూలన పడేసినోళ్లు మన కుర్రాళ్లలో బోలెడుమంది.

తెనాలి_సాయి

మీరు డీటీపీ చేస్తారు కదండీ, అను ఫాంట్లు (పాత పద్ధతి తెలుగు డీటీపీ ఫాంట్లు) ఉండే ఉంటాయి. వాటిలో వత్తులు, గుళ్లు అన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో విడివిడి గుర్తులుగా కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు గోడాట్ 3లో పెట్టి, అనులో కొట్టిన మ్యాటర్ పేస్ట్ చేయండి. ఇంజన్‌కి అది ఇంగ్లీషే కాబట్టి వరసగా వేసుకుంటూ పోతుంది, మనకి తెలుగు కనపడుతుంది. కోడు ముట్టుకోనక్కర్లేదు.

బెజవాడ_అక్షరాలు (విజయవాడ)

డీటీపీ గారూ, నేనైతే మారమనే చెబుతాను. వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతి కోసమో, 3డి హంగుల కోసమో కాదు, మీ ట్రాలీకి అవేం చేసుకుంటారు? ఒక్క తెలుగు కోసం మారండి. బొమ్మలు బాగున్నాయని కాదు, తిట్లు బాగున్నాయని మీ బావమరిది అన్నారంటే ఆట ఎక్కడుందో తెలిసిపోయింది కదా.

మాది సత్యనారాయణపురం. పిల్లలు అక్షరాలతో పదాలు కూర్చే ఆట ఒకటి 3.5లో మొదలుపెట్టి 4కి తెచ్చాను. 4.0 వచ్చింది 2023 మార్చి 1న. అప్పుడే దూకకుండా 4.3 దాకా ఆగాను. 4లో అక్షరాలు పేర్చే పనంతా టెక్స్ట్ సర్వర్ అనే భాగం చూసుకుంటుంది, దాని లోపల హార్ఫ్‌బజ్ ఉంటుంది. ఏ హల్లు కింద ఏ వత్తు పడాలో, గుడి ఎక్కడ అతకాలో ఫాంటు లోపలే నియమాలు రాసి ఉంటాయి, హార్ఫ్‌బజ్ వాటిని చదువుతుంది. గోడాట్ 3 వాటి జోలికే పోదు, ఒక్కో గుర్తుకి ఒక్కో బొమ్మ వేసి ముందుకెళ్లిపోతుంది. అందుకే మీకు టిక్‌కీ. 4లో అయితే మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, ఏ యూనికోడ్ (తెలుగు అక్షరాలకి సొంత స్థానాలుండే పద్ధతి) ఫాంటయినా తెచ్చిపెట్టి లేబుల్‌లో నేరుగా టైపు చేసుకోవచ్చు.

సాయి గారు చెప్పిన అను చిట్కా పనిచేస్తుంది, కాదనను. కానీ ఆడేవాళ్లని పేరు అడిగారనుకోండి, ఫోన్ కీబోర్డు ఇచ్చేది యూనికోడ్. అది ఆ ఫాంటులో కనపడదు. పైగా డబ్బిచ్చి కొన్న ఫాంటుని యాప్‌లో పెట్టి పంచడానికి లైసెన్సు ఒప్పుకుంటుందో లేదో వేరే చూసుకోవాలి. మండలి, రామభద్ర ఓపెన్ లైసెన్సువి, ఆ గొడవ లేదు.

ఇక తిరగరాత. ప్రాజెక్టు ఫోల్డరు మొత్తం కాపీ తీసి, ఆ కాపీనే 4లో తెరవండి. పాత ప్రాజెక్టు, మార్చమంటారా అని అడుగుతుంది. మార్చాక వెనక్కి తిప్పే బటన్ ఉండదు, కాపీ అందుకే. కైనెమాటిక్‌బాడీ2డిని క్యారెక్టర్‌బాడీ2డి అని, స్ప్రైట్‌ని స్ప్రైట్2డి అని, ఇన్‌స్టెన్స్‌ని ఇన్‌స్టాన్షియేట్ అని పేర్లు మార్చేస్తుంది. ఎక్స్‌పోర్ట్, ఆన్‌రెడీల ముందు @ గుర్తు చేరుస్తుంది. అంతవరకే దాని పని. ప్రూఫు చూడకుండా మ్యాటర్ మొత్తానికి ఫైండ్ రీప్లేస్ కొట్టినట్టు ఉంటుంది, ఆ తర్వాత ఎర్ర గీతలు మీరే చూసుకోవాలి.

మీ ట్రాలీ కోడులో మొదట ఆగేది వెలాసిటీ (వేగం) దగ్గర. 3లో దాన్ని మనమే వేరియబుల్‌గా రాసుకుని మూవ్ అండ్ స్లైడ్ అనే, బాడీని కదిపే ఫంక్షన్‌కి అందించేవాళ్లం. 4లో అది బాడీలోనే ఉంది. మీరు రాసిన వర్ ఉంటే రెండోసారి రాశారని ఎర్రర్ ఇస్తుంది. ఆ లైను తీసేసి, మూవ్ అండ్ స్లైడ్ బ్రాకెట్లు ఖాళీగా ఉంచండి. రైతు అరిచే ముందు కాసేపు ఆగడానికి యీల్డ్ వాడి ఉంటే, దాని బదులు అవెయిట్. బొమ్మల్ని మెల్లగా కదిలించే ట్వీన్ నోడ్ అయితే లేనే లేదు, కోడులో క్రియేట్ ట్వీన్ అని పిలుచుకోవాలి. ఇదొక్కటే కాస్త విసుగు పుట్టించే పని, తర్వాత మాత్రం పాతదానికంటే హాయిగా ఉంటుంది.

యార్డు నేల టైల్‌మ్యాప్‌తో (చిన్న చదరపు పలకలు పేర్చి) వేశారా? అయితే కోడు కంటే దానికే ఎక్కువ టైము ఉంచుకోండి. టైల్‌సెట్ ఎడిటర్ పూర్తిగా మారింది. 2024 ఆగస్టులో 4.3 వచ్చాక పాత టైల్‌మ్యాప్ నోడ్‌ని పక్కనపెట్టి, ఒక్కో పొరకి ఒక్కో టైల్‌మ్యాప్‌లేయర్ అన్నారు. నేను కన్వర్టరు ఇచ్చినదాన్ని బాగుచేయకుండా, కొలిజన్లతో సహా నేల మొత్తం మళ్లీ వేసుకున్నాను. మీరూ అదే చేయండి, సుఖం.

ల్యాప్‌టాప్ గురించి టెన్షన్ వద్దు. రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) దగ్గర కంపాటిబిలిటీ ఎంచుకోండి, కంప్యూటర్లో ఓపెన్‌జీఎల్ 3.3, ఫోన్లో ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0 ఉంటే చాలు. మరీ పాత ఫోన్లు, అంటే 3లోని జీఎల్ఈఎస్2 మీద మాత్రమే నడిచేవి, వదులుకోవాల్సిందే. ఏపీకే (ఫోన్లో వేసుకునే యాప్ ఫైలు) సైజు కూడా పెరుగుతుంది. ప్లే స్టోర్లో పెట్టే ఆలోచన ఉంటే ఇంకొకటి: 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లు ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేయాలన్న నిబంధన వచ్చింది. ఇలాంటివి వచ్చినప్పుడల్లా కొత్త వెర్షన్ మీద ఉన్నవాళ్లకే పని తేలిక.

కృష్ణలంక_గేమర్

అక్కా, తెలుగు సంగతి నేను ఆలోచించలేదు, నా ఆటలో స్కోరు తప్ప అక్షరమే లేదు. అయినా ఒక మాట. అన్న ముందు ఒక్క లెవెల్ మార్చి చూసుకుంటే మంచిది, బొమ్మలన్నీ ఒకేసారి పీకేయొద్దు.

అరండల్‌పేట_డీటీపీ (గుంటూరు)

మేడమ్, చాలా థాంక్స్. తమ్ముడు చెప్పినట్టు మొదటి లెవెల్ ఒక్కటే కాపీలో మార్చా. వెలాసిటీ మీరన్న చోటే ఆగింది, సరిచేశా, ట్రాలీ కదిలింది. గుమస్తా నోట తెలుగు చూసి మా ఆవిడని పిలిచి మరీ చూపించా. ఆవిడ మాత్రం, దీనికోసమా ఇన్ని రాత్రిళ్లు అంది.

రెండు సందేహాలు. డైలాగు ఒక్కో అక్షరంగా కనపడేలా పెట్టా. గుమస్తా అనే మాట గుమస, గుమస్, గుమస్త అని రూపాలు మారుతూ వస్తోంది, కంటికి బాలేదు. రెండోది, ట్రాలీ మీది బొమ్మలు మసకబారాయి. చిన్న చిన్న చుక్కలతో గీసుకున్నవి అవి, 3లో గళ్లు గళ్లుగా పదునుగా ఉండేవి.

బెజవాడ_అక్షరాలు (విజయవాడ)

మసక తేలిక. 3లో ఫిల్టర్ ఒక్కో బొమ్మ ఇంపోర్ట్‌లో ఉండేది, 4లో అక్కడ లేదు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టెక్స్చర్స్ కింద డిఫాల్ట్ టెక్స్చర్ ఫిల్టర్ అని ఉంటుంది, లీనియర్ తీసి నియరెస్ట్ పెట్టండి.

అక్షరాల సంగతికి లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ చూడండి. మామూలుగా అది షేపింగ్‌కి (అక్షరాలు పేర్చడానికి) ముందు అని ఉంటుంది, అంటే ముక్క కోసి ఆ ముక్కనే పేరుస్తుంది, అందుకే రూపాలు మారుతున్నాయి. షేపింగ్ తర్వాత అని పెడితే మాట మొత్తం ముందే పేర్చుకుని తర్వాత కొంచెం కొంచెంగా చూపిస్తుంది. అయితే కోడులో అక్షరాలు లెక్కపెట్టే చోట మాత్రం జాగ్రత్త. క్ష మనకి ఒక అక్షరం, లెంగ్త్ అడిగితే 3 అంటుంది: క, పొల్లు, ష. నా పదాల ఆటలో పొల్లు తర్వాత హల్లు వస్తే ముందుదానితో కలిపేసే చిన్న ఫంక్షన్ రాసుకున్నాను, కావాలంటే పెడతాను.

ఇంకొకటి మీరు అడగకపోయినా చెబుతున్నా. తెలుగు ఫాంటు పెట్టకపోయినా కంప్యూటర్లో తెలుగు కనపడుతుంది, ఎందుకంటే 4 సిస్టమ్‌లోని ఫాంటు తెచ్చుకుంటుంది. ఒక్కో ఫోన్లో ఒక్కోలా ఉంటుంది, వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేస్తే డబ్బాలు వస్తాయి. ఫాంటు ఇంపోర్ట్‌లో సిస్టమ్ ఫాల్‌బ్యాక్ టిక్కు తీసేసి చూడండి, ఎక్కడెక్కడ మీ ఫాంటు తగల్లేదో బయటపడుతుంది. బటన్లలో కింది వత్తులు తెగితే ఫాంట్ వేరియేషన్ చేసుకుని కింద స్పేసింగ్ కొంచెం పెంచండి. సైజు తగ్గుతుందని ఎవరైనా సొంతంగా కంపైల్ చేసిన ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్ ఇస్తే తీసుకోకండి, అందులో అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ సర్వర్ తీసేసి ఉంటే మళ్లీ టిక్‌కీ దగ్గరికే వస్తారు.