ఇంటికొచ్చినవాళ్లు మన నీళ్లు తాగకపోతే ఏం చేయాలి?

మర్రిగూడ కోడలు:

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. మా దగ్గర ఎవరైనా గడప దాటి లోపలికి వస్తే ముందు చేతికి నీళ్ల చెంబు ఇస్తాం, కూర్చోమనడం ఆ తర్వాత. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తమ్మ నేర్పిన మొదటి మర్యాద ఇదే. అప్పు అడగడానికి వచ్చినా, తగాదాకు వచ్చినా, ఎందుకొచ్చారని అడగకముందే నీళ్లివ్వాలి.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చే ఆడబిడ్డ కుటుంబం, పిల్లల స్నేహితులు, సర్వేకు వచ్చే ఉద్యోగులు, అందరూ సంచిలోంచి బాటిల్ తీస్తున్నారు. "వద్దమ్మా, మా దగ్గర ఉన్నాయి" అంటారు. మాటలో తప్పేమీ లేదు. కానీ చెంబు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఎలా ఉంటుంది? మొన్న పండుగకు ఆడబిడ్డ కొడుకు దాహమన్నాడు. పక్కనే చల్లటి నీళ్ల మట్టి రంజను ఉంది. ఆమె కారు దాకా వెళ్లి బాటిల్ తెచ్చింది. ఆ పిల్లాడి పురుడు పోసింది ఈ ఇంట్లోనే.

మా నీళ్లంటే భయం ఎందుకో నాకు తెలుసు. బోరు నీళ్లు తాగి తాగి మా మామయ్య నడుము వంగిపోయింది. కానీ ఇప్పుడు మేం తాగేవి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు. చుట్టాల కోసం డబ్బా నీళ్లు కొని పెడదామని మావారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మేం తాగేదొకటి, వచ్చినవాళ్లకు పోసేదొకటి అయితే ఇక వాళ్లు మా ఇంటికి వచ్చినట్టెలా అవుతుంది? మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

నల్లగొండ మాస్టారు:

అమ్మా, ముందు నీళ్ల సంగతి చెబుతాను, నేను సైన్సు చెప్పి రిటైరైనవాడిని. ఎక్కువైతే ఎముకలను, పళ్లను పాడుచేసే ఫ్లోరైడ్ తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. మన బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. అది మన రాతినేలలోంచే నీటిలోకి దిగుతుంది. కాచితే పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను దింపే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు బాధే. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. ఆనకట్ట మన జిల్లా అంచునే ఉన్నా, ఇంటింటికీ నల్లా నీళ్లు ఇస్తామన్న మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో లేచేసరికి 2015 వచ్చింది. ఈ మధ్యలో ఎంతమంది పిల్లల కాళ్లు వంకరపోయాయో తలచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

నదీజలంలో ఫ్లోరైడ్ తక్కువ. మీరు ధైర్యంగా ఇవ్వవచ్చు. వాసన వస్తోందంటే అది క్లోరిన్, రాత్రి బిందెలో పోసి ఉంచితే తెల్లారేసరికి చాలావరకు పోతుంది. నల్లా రాని రోజు మాత్రం బోరు నీళ్లు ఆ రంజనులో కలపకండి.

దేవరకొండ ఆడపడుచు:

వదినా, నేను మీ ఆడబిడ్డలాంటిదాన్నే, పెళ్లయి హైదరాబాద్‌లో ఉంటున్నాను. నా పళ్ల మీద పసుపు మచ్చలున్నాయి. కాలేజీ రోజుల్లో చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు. పుట్టింటికి వెళ్తే నల్లా నీళ్లు మంచివేనని తెలుసు, అయినా పాపకు గ్లాసు అందించేటప్పుడు చెయ్యి ఆగుతుంది. ఆ భయం నీళ్ల మీదే, మీ మీద కాదు. ఆమెను ఒకసారి నేరుగా అడగండి.

అచ్చంపేట:

ఇద్దరూ నీళ్ల గురించి చెప్పారు. నేను ఇచ్చే చెయ్యి గురించి చెబుతాను.

మాది దళితవాడ. నాయనమ్మ తరంలో దాహమంటే పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. నా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో మాకు వేరే గ్లాసు ఉండేది, చాయ్ తాగి మేమే కడిగి పెట్టాలి. అంటరానితనంపై వచ్చిన 1955 చట్టం ప్రకారం అది నేరం. అయినా అందరి కళ్ల ముందే జరిగేది. ఎన్నికలప్పుడు ఊరి పెద్దలు మా ఇంటికి వచ్చేవాళ్లు, నులక మంచం మీద కూర్చునేవాళ్లు, నాన్న చేతులు పట్టుకునేవాళ్లు. అమ్మ నీళ్లిస్తే మాత్రం "ఇప్పుడే తాగి వచ్చాం" అనేవాళ్లు, మిట్టమధ్యాహ్నం ఎండలో. అమ్మ మళ్లీ అడిగేది కాదు.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. తోటి ఉద్యోగులు ఇంటికి వస్తారు, బాటిల్ తీస్తారు. అది ఆరోగ్య జాగ్రత్తో, ఇంకొకటో నాకు ఎప్పటికీ తెలియదు. ఇదివరకు కనీసం ఒక అబద్ధం చెప్పాల్సి వచ్చేది. బాటిల్ వచ్చాక ఆ అవసరం కూడా పోయింది. అందుకే నేను ఎవరింటికి వెళ్లినా రెండు గుక్కలైనా తాగుతాను. జబ్బు ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు తాగకపోతే నాకు అభ్యంతరం లేదు, కారణం ఒక్క మాట చెబితే చాలు. ఏమీ చెప్పకుండా మూత తిప్పడం తప్పు అని నేను గట్టిగానే అంటాను.

అక్కా, మీరు డబ్బా కొనకండి.

మర్రిగూడ కోడలు:

తమ్ముడూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. డబ్బా మాట మానేశారు. ఆడబిడ్డకు ఫోను చేసి అడిగాను. పిల్లాడికి మొన్న కామెర్లు వచ్చాయట, కాచిన నీళ్లే ఇమ్మని డాక్టరు చెప్పారట. నేను కంగారుపడతానని చెప్పలేదట. ముందే చెబితే నేనే కాచి ఉంచేదాన్ని కదా అన్నాను. వచ్చే ఆదివారం వస్తున్నారు. సర్వేవాళ్లు తాగినా తాగకపోయినా చెంబు ఇవ్వడం మాత్రం నేను మానను. మాస్టారూ, కాచిన నీళ్లు రంజనులో పోయవచ్చా?

నల్లగొండ మాస్టారు:

వద్దమ్మా. బాగా మరిగించి, చల్లారాక మూత ఉన్న స్టీలు బిందెలో ఉంచండి. చెయ్యి ముంచకుండా పొడుగు పిడి ఉన్న గరిటెతో తీయండి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కాచుకోండి.