వీపీపీ గణాంకాలను ఫైళ్లుగా మౌంట్ చేసి చదవడం: వాడినవారి అనుభవాలు కావాలి

కృష్ణాతీరం:
మేము సాఫ్ట్‌వేర్ రూటరుగా ఎఫ్‌డీ.ఐఓ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులోని వీపీపీని (ప్యాకెట్లను వేగంగా పంపే ప్రోగ్రాము) నడుపుతున్నాము. మా నెట్‌వర్క్ కార్డులు డీపీడీకే (కెర్నెల్‌ను దాటి కార్డులను నేరుగా నడిపే లైబ్రరీ) అధీనంలోకి వెళ్లాక కెర్నెల్‌కు కనిపించవు కనుక, డ్యూటీలో ఉన్నవారు అలవాటుగా చూసే ప్రాక్ ఫైళ్లలో (కెర్నెల్ తన లెక్కలను చూపే చోటు) వాటి లెక్కలు ఉండవు. వీపీపీ సోర్సుతో పాటు వచ్చే స్టాట్స్ ఎఫ్‌ఎస్ అనే ఫ్యూజ్ ప్రోగ్రాముతో (ఫ్యూజ్ అంటే కెర్నెల్ బయటి ప్రోగ్రాము ఫైల్‌సిస్టమ్‌ను నడిపే ఏర్పాటు) గణాంకాలను డైరెక్టరీగా మౌంట్ చేస్తే, క్యాట్, గ్రెప్, వాచ్ కమాండ్లతోనే పని జరుగుతుందని మా ఆలోచన. దీనివల్ల ప్యాకెట్ల వేగం తగ్గుతుందా?

సీ_పాఠకుడు:
వేగం గురించి భయం అక్కరలేదు. ప్యాకెట్లను నడిపే వర్కర్ త్రెడ్లు తమ కౌంటర్లను షేర్డ్ మెమరీలోనే పెంచుకుంటూ పోతాయి. చదివే ప్రోగ్రాము యూనిక్స్ సాకెట్ ద్వారా ఆ మెమరీని తెరిచే గుర్తును (డిస్క్రిప్టరు) అందుకొని, చదవడానికి మాత్రమే మ్యాప్ చేసుకుంటుంది. మీరు క్యాట్ కొట్టినప్పుడు వీపీపీ ఏ జవాబూ తయారు చేయవలసిన పని లేదు. అయితే త్రెడ్లు ఒకదానికోసం ఒకటి ఆగే తాళం (లాక్) అవసరం రాకుండా ప్రతి త్రెడ్డుకూ విడి లెక్క ఉంచుతారు కనుక, ఒక ఇంటర్‌ఫేసు మొత్తం తెలియాలంటే అన్ని త్రెడ్ల విలువలనూ కూడాలి. మా స్క్రిప్టులలో అందరూ మొదట తడబడేది ఇక్కడే.

గుట్టమీది_సర్వర్:
నడుస్తున్న ప్రాసెస్‌లను ఫైళ్లుగా చూపే పద్ధతి యూనిక్స్ ఎనిమిదవ ఎడిషన్ ప్రాక్ నాటిది. యూనిక్స్ తరువాత బెల్ ల్యాబ్స్ చేసిన ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైతే ప్రతి టీసీపీ కనెక్షనుకూ ఒక డైరెక్టరీ, అందులో స్టేటస్ ఫైలు ఉండేవి. ఆ సౌలభ్యం నాకు చాలా ఇష్టం, కానీ దాని హద్దు కూడా తెలియాలి. ఆర్‌ఎక్స్ (వచ్చిన ప్యాకెట్ల) ఫైలు ఒక క్షణానిది, తరువాత తెరిచిన టీఎక్స్ (పంపిన ప్యాకెట్ల) ఫైలు మరో క్షణానిది. స్టాట్స్ మెమరీలోని ఎపాక్ సంఖ్య (నిర్మాణం మారినప్పుడల్లా మారేది), ఇంటర్‌ఫేసులు చేరి పట్టిక నిర్మాణం మారితే పాత చిరునామాలు చదవకుండా కాపాడుతుందే తప్ప, కౌంటర్లన్నిటినీ ఒకే క్షణంలో బంధించదు. అందువల్ల రెండు ఫైళ్ల తేడాను ప్యాకెట్ల నష్టంగా నివేదించడం సరికాదు. నష్టానికి డ్రాప్స్, ఎర్రర్ కౌంటర్లనే చూడండి. పైగా ఫ్యూజ్‌లో ప్రతి రీడ్ కెర్నెల్ నుంచి మౌంట్ ప్రోగ్రాముకు వెళ్లి తిరిగి రావాలి కనుక, వేల కౌంటర్లను క్షణక్షణం సేకరించాలంటే వీపీపీతో వచ్చే ప్రొమీథియస్ ఎక్స్‌పోర్టరే (ప్రొమీథియస్ అనే మానిటరింగ్ వ్యవస్థకు లెక్కలను అందించే ప్రోగ్రాము) మేలు.

కృష్ణాతీరం:
వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. పరీక్షగా మౌంట్ చేశాము. రూట్‌గా చదవగలుగుతున్నాము గానీ, మానిటరింగ్ ఏజెంటు యూజరుకు అనుమతి లేదని వస్తోంది. ఫైలు మోడ్ మాత్రం అందరూ చదవగలిగేలాగే ఉంది.

సీ_పాఠకుడు:
అది ఫ్యూజ్ నియమం. మౌంట్ చేసిన యూజరు తప్ప మరెవరూ లోపలికి రాకూడదన్నది దాని సహజ స్థితి. అలౌ అదర్ ఆప్షనుతో మౌంట్ చేయాలి; రూట్ కాని యూజరు మౌంట్ చేస్తే ఈటీసీలోని ఫ్యూజ్ కాన్ఫ్ ఫైలులో యూజర్ అలౌ అదర్ వరుసను కూడా తెరవాలి. మరొక మాట: మౌంట్ ప్రోగ్రాము కూలిపోతే డైరెక్టరీ అలాగే ఉండి, ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ కనెక్ట్ కాలేదన్న తప్పు చూపుతుంది. ఫ్యూజర్‌మౌంట్‌తో విప్పి మళ్లీ మౌంట్ చేయాలి. మేము సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టే వ్యవస్థ) యూనిట్‌లో ఆ మౌంట్ ప్రోగ్రామును వీపీపీ సర్వీసు తరువాతే మొదలయ్యేలా, వీపీపీ రీస్టార్టయితే ఇదీ రీస్టార్టయ్యేలా కట్టాము.

డెల్టా_నెట్:
స్వంతంగా ఇలాంటి ఫైల్‌సిస్టమ్ రాసేవారికి ఒక సూచన. లోపలి సమాచారం ఎంతో ముందే తెలియదని ఫైలు పరిమాణాన్ని సున్నాగా చూపితే, డైరెక్ట్ ఐఓ ఆప్షను (కెర్నెల్ క్యాషెను వాడకుండా ప్రతి రీడ్‌నూ ప్రోగ్రాముకే పంపేది) పెట్టనంత వరకు కెర్నెల్ ఆ సున్నాను నమ్మి ఏమీ చదవనివ్వదు. అది పెట్టాక క్యాట్ సరిగా పనిచేస్తుంది. వేగం లెక్కించే స్క్రిప్టులలో, కొత్త విలువ పాతదానికన్నా తక్కువగా వస్తే ఎవరో కౌంటర్లను క్లియర్ చేశారని గానీ, వీపీపీ రీస్టార్టయిందని గానీ భావించి ఆ నమూనాను వదిలేయండి.

కృష్ణాతీరం:
అలౌ అదర్‌తో అనుమతి సమస్య తీరింది. గ్రాఫులకు ఎక్స్‌పోర్టరు, డ్యూటీవారి చూపుకు మౌంట్ అని నిర్ణయించాము. నోడ్లవారీ క్లాక్స్ (వీపీపీలో ప్యాకెట్ దాటే ఒక్కో దశ వాడిన సీపీయూ సైకిళ్లు) మాత్రం ఇంకా కనబడటం లేదు.

గుట్టమీది_సర్వర్:
అవి మొదట ఆపివేసి ఉంటాయి. స్టార్టప్ కాన్ఫ్ ఫైలులోని స్టాట్‌సెగ్ విభాగంలో పర్ నోడ్ కౌంటర్స్‌ను ఆన్ చేసి, వీపీపీని రీస్టార్ట్ చేయండి.